పోలినాయుడి గడప, మిరియం ఆపరేషను

గుమ్మలవలసలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే పోలినాయుడు ఆలోచించకుండా తన ఇల్లే చూపిస్తాడు. ఆలోచిస్తే తెలివి అరిగిపోతుందని ఆయన భయం. ఆ ఇంట్లో ఆయన, భార్య సూరమ్మ, కొడుకులు అప్పన్న, సింహాద్రి. మొత్తం నాలుగు బుర్రలు. "ఊళ్ళో ఉన్న తెలివిలో సగం మన దగ్గరే ఉంది. మిగతా సగం ఎక్కడుందో వెతకాలి" అంటుంటాడు.

దానికి రుజువు కూడా ఉంది. ఊరి బయట మలుపులో 'నెమ్మదిగా వెళ్ళండి' అని ఒక బోర్డు పాతారు. నిరుడు ఒక ఎద్దు సింహాద్రి వెంటపడింది. వాడు పరుగు, వెనక ఎద్దు పరుగు. మలుపు వచ్చింది, బోర్డు కనిపించింది. అంతే, వాడు పరుగు ఆపి నడక మొదలుపెట్టాడు. ఎద్దు మాత్రం ఆపలేదు. పిర్ర మీద ఏడు కుట్లు పడ్డాయి.

"పడితే పడ్డాయి. బోర్డు మాట తప్పలేదు మావాడు" అని పోలినాయుడు ఇప్పటికీ మీసం తిప్పుతాడు. "చదువు లేని ఎద్దుకీ మనకీ అదే తేడా."

ఇంట్లో అయిదో ప్రాణం మిరియం. నల్లటి కుక్క. పేరు పెట్టిన రోజుల్లో మిరియపు గింజలా గుండ్రంగానే ఉండేది. ఏడాదిన్నరలో మూడు ఈతలు ఈనింది. ఆరు, ఏడు, మళ్ళీ ఏడు, వెరసి ఇరవై పిల్లలు. ఈనిన ప్రతిసారీ పోలినాయుడు ఊరంతా బెల్లం పంచాడు. కళ్ళు తెరిచాక పిల్లల్నీ పంచాడు. మూడోసారికి జనం బెల్లం పుచ్చుకుని తలుపులు వేసేసుకున్నారు. మిరియం పక్కటెముకలు ఇప్పుడు దూరం నుంచే కనిపిస్తున్నాయి. సింహాద్రి లెక్కపెట్టాడు కూడా. అటు పదమూడు, ఇటు పదమూడు.

సోమవారం నాడు అది గంజి ముట్టకపోయేసరికి పోలినాయుడు దాన్ని భుజాన వేసుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాడు. మలుపులో మాత్రం నడిచాడు.

డాక్టరమ్మ నీలవేణి మిరియం కనురెప్పలు తిప్పి చూసింది, పొట్ట నొక్కి చూసింది.

"నాయుడుగారూ, ఆపరేషనుకి ఇది తట్టుకుంటుంది. ఇంకో ఈతకి తట్టుకోదు. ఈసారి కడుపుతో ఉంటే మీకు దక్కదు. ఎదకొచ్చే రోజులు దగ్గర పడ్డాయి. గురువారం తీసుకురండి, పిల్లలు పుట్టకుండా చేసేస్తాను."

పోలినాయుడు మిరియాన్ని దగ్గరికి లాక్కున్నాడు. మిరియం ఆయన మోచేతిని నాకుతోంది.

"పిల్లల్ని కనడం దాని హక్కు కాదా అమ్మా? మనమెవరం ఆపడానికి?"

"మంచి ప్రశ్నే. మొన్న పుట్టిన ఏడు పిల్లలూ ఎక్కడున్నాయి?"

"ఎక్కడో ఒకచోట ఉంటాయి లెండి."

"మూడు మీ మలుపు దగ్గర చెత్తకుప్ప మీద ఉన్నాయి. పొద్దున్నే చూశాను. కుక్కని పెంచుకున్నామంటే దాని పిల్లల పూచీ కూడా మనదే. ఇలాగే వదిలేస్తే మూడేళ్ళలో ఎన్నవుతాయో లెక్కేసుకోండి. ఈతకి ఆరు, అందులో సగం ఆడవి, ఏడాదికి రెండు ఈతలు."

ఆవిడ మాటవరసకి అంది. ఇంకేముంది, ఇంటికెళ్ళగానే సింహాద్రి బొగ్గుముక్క పట్టుకుని గోడ మీద పడ్డాడు. ఒక తల్లి, మూడు ఆడపిల్లలు, కలిపి నాలుగు. నాలుగు నాలుగులు పదహారు. పదహారు నాలుగులు అరవై నాలుగు. గోడ అయిపోయింది, తలుపు మీద రాశాడు. ఆరో ఈతకి వచ్చేసరికి చెమట తుడుచుకున్నాడు.

"నాన్నా, ఆడవి నాలుగు వేల తొంభై ఆరు. మగవి నాలుగు వేల తొంభై అయిదు."

పోలినాయుడు ఆ రెండు అంకెలనీ వేలితో తడిమి చూశాడు.

"అంటే," అన్నాడు పోలినాయుడు మెల్లగా, "ఒక మగకుక్క తక్కువయిందా?"

"ఓలమ్మో!" సూరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఆ ఒక్క పిల్లకీ జోడు లేనట్టేనా? ఇంతమందిలో అదొక్కతీ ఎలా తిరుగుతుంది?"

నలుగురూ ఆ పుట్టని పిల్లని తలుచుకుని కాసేపు బాధపడ్డారు. మిరియం బతకాలి, ఆ పిల్ల ఒంటరిగా మిగలకూడదు. రెంటికీ ఒకటే మందు, ఆపరేషను. అక్కడికి నిర్ణయం అయిపోయింది.

డాక్టరమ్మ సోమవారమే మూడు మాటలు చెప్పి పంపింది. గురువారం దాకా ఏ మగకుక్కా మీ గడప తొక్కకూడదు. బుధవారం సాయంత్రం నుంచి మిరియానికి ఏమీ పెట్టకూడదు. ఇష్టపూర్వకంగా చేయిస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి తేవాలి.

మంగళవారం పొద్దున్నే అప్పన్న దుడ్డుకర్రతో గడప దగ్గర కూర్చున్నాడు. ఒక గోధుమరంగు కుక్క వచ్చింది, కర్ర చూసింది, పెరటివైపు వెళ్ళి గోడ దూకి లోపలికొచ్చింది.

"నాన్నా, కుక్కొచ్చింది. కానీ గడప తొక్కలేదు, గోడ తొక్కింది."

"అయితే దాన్నేమీ అనకు. మర్యాద తెలిసిన కుక్క."

అది మిరియం చుట్టూ తిరగడం చూసి సూరమ్మ చెంబుడు నీళ్ళు దాని నెత్తిన కుమ్మరించింది. అది గోడ దూకి పోయింది. పోలినాయుడికి అనుమానం పట్టుకుంది. అప్పన్న ఎప్పుడో ఒకప్పుడు కునుకు తీస్తాడు. అప్పుడు ఏ కుక్కయినా గడప తొక్కేస్తే? మిరియం దక్కదు.

"ఒరే, అసలు గడపే లేకపోతే ఏం తొక్కుతాయిరా?"

అంతే. అప్పన్న గునపం తెచ్చాడు. గడప పెకలించారు. గడప ఊడేసరికి ద్వారబంధం ఊగింది, ద్వారబంధం ఊగేసరికి తలుపు లెక్కలతో సహా పడింది. ఇంటికి ముందు నిలువెత్తు కన్నం మిగిలింది.

"ఇప్పుడు రమ్మను, ఎన్ని కుక్కలొస్తాయో!" అన్నాడు పోలినాయుడు.

ఏడొచ్చాయి. గోధుమరంగుది మళ్ళీ వచ్చింది, ఈసారి నడిచే వచ్చింది. ఊడదీసిన గడపని ఇవి ఎక్కడ తొక్కుతాయోనని నిచ్చెన వేసి అటక మీదికి ఎక్కించారు. దానికి కాపలా ఎవరు? ఇంట్లో కుక్క ఉండగా కాపలాకి వేరే మనిషెందుకు? మిరియాన్ని కూడా అటకెక్కించి నిచ్చెన తీసేశారు. పైన మిరియం, కింద ఏడుగురు పెళ్ళికొడుకులు. పోలినాయుడు కిందినుంచి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది గడప మీద గడ్డం ఆన్చి నిద్రపోయింది. దాని పొట్ట పైకీ కిందికీ కదులుతున్నంతసేపూ ఆయనకి ధైర్యంగా ఉంది.

బుధవారం సాయంత్రం అన్నం వాసనకి మిరియం అటక మీంచి మూలిగింది.

"ఇంట్లో అన్నం పెట్టుకుని దానికి లేదని ఎలా చెప్తాం?" అన్నాడు పోలినాయుడు. "అబద్ధం అవదూ?"

ఇంకేముంది, అన్నం లేకుండా చేశారు. కుండెడు అన్నం, చారు, రేపటికని దాచిన పెరుగు, ఏడు కుక్కలకీ ఏడు విస్తళ్ళలో వడ్డించారు. కుటుంబమంతా పస్తు. ఆ విస్తళ్ళు నాకాక ఆ కుక్కలకి ఆ ఇల్లు స్వర్గంలా కనిపించింది. ఇక కదిలితే ఒట్టు.

తరవాత సంతకం పని. పోలినాయుడు కాగితం చదివి కలం కింద పెట్టేశాడు.

"ఇష్టపూర్వకంగా అని రాసుంది. ఎవరి ఇష్టం? ఒళ్ళు దానిది. దాన్ని అడగకుండా నేనెలా పెడతాను?"

న్యాయమైన మాటే. మిరియాన్ని కిందికి దించి, ఏడు కుక్కలనీ పెరట్లోకి తోలి, సభ చేశారు.

"మిరియం తల్లీ, నీకింకా పిల్లలు కావాలా? కావాలంటే తోక ఊపు."

మిరియం ఊపింది.

"కావాలంటోంది నాన్నా" అన్నాడు అప్పన్న.

"రెండో పక్కా అడగాలి కదరా. తల్లీ, ఇంక పిల్లలు వద్దా? వద్దంటే తోక ఊపు."

మిరియం ఇంకా గట్టిగా ఊపింది.

"ఇటొకటి, అటొకటి. సమానం" అన్నాడు సింహాద్రి.

మళ్ళీ అడిగారు. అటు రెండు, ఇటు రెండు. మళ్ళీ అడిగారు. అటు మూడు, ఇటు మూడు. పోలినాయుడికి ఏడుపొచ్చింది. తెల్లారితే గురువారం. సంతకం లేకపోతే ఆపరేషను లేదు, ఆపరేషను లేకపోతే మిరియం లేదు.

అప్పటిదాకా గోడకి జారబడి కూర్చున్న సూరమ్మ లేచింది. "నేను అయిదుగురిని కన్నాను. దక్కింది ఇద్దరు. నాకు కావాలో వద్దో ఒక్కరూ అడగలేదు. ఊపి చెప్పడానికి నాకు తోకయినా లేదు. దాని తరఫున నేను చెప్తున్నాను, చాలు. పెట్టండి సంతకం."

పోలినాయుడు కాసేపు భార్య ముఖంలోకి చూశాడు. తరవాత కలం తీసుకుని సంతకం పెట్టాడు. పక్కనే మిరియం కాలికి సిరా పూసి దాని ముద్ర కూడా వేయించాడు.

గురువారం ఆపరేషను చక్కగా అయింది. నాకకుండా ఉండడానికి మిరియం మెడకి గరాటాలాంటి పట్టీ తొడిగారు. పది రోజులదాకా తీయొద్దన్నారు, తీయలేదు. గెంతనివ్వొద్దన్నారు, పోలినాయుడు పగలంతా దాన్ని చంకలోనే పెట్టుకున్నాడు. శుక్రవారం సూరమ్మ అటకెక్కి గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, దిగింది. మిరియం గంజి తాగింది. నాలుగో రోజుకి కోడిగుడ్డు తింది. తొమ్మిదో రోజుకి సింహాద్రి ఒక పక్క ఎముకలు లెక్కపెడితే పదకొండే కనిపించాయి.

"రెండు పోయాయి నాన్నా!"

"పోతే పోనీ, ఒళ్ళొస్తే చాలు."

ఆ తొమ్మిదో రోజే డాక్టరమ్మ స్కూటరు మీద చూడటానికొచ్చింది. తలుపు కోసం వెతికింది. లేదు. లోపలికి తొంగి చూసింది. వాకిలి నిండా కుక్కలు.

"ఎన్నున్నాయి ఇవి?"

"పద్నాలుగమ్మా."

"పద్నాలుగా!"

"ఏడు మా మిరియం కోసం వచ్చాయి. ఆశపెట్టుకుని వచ్చిన వాళ్ళని, పెళ్ళికూతురికి ఆపరేషను అయిపోయింది పొండి అనడం ధర్మమా? అందుకని సంతలో తిరిగి ఏడు ఆడకుక్కల్ని తెచ్చాం." పోలినాయుడు గర్వంగా నవ్వాడు. "ఈసారి లెక్కలో పొరపాటు లేదు. జోడుకి జోడు. ఒక్కటి కూడా తక్కువ కాదు."

"మూడేళ్ళలో ఆడవే ఇరవై ఎనిమిది వేల ఆరు వందల డెబ్బై రెండు" అన్నాడు సింహాద్రి, లెక్కలతో నిండిన ఇంకో గోడ చూపిస్తూ.

డాక్టరమ్మ స్కూటరు మీదే కూలబడింది. కాసేపటికి తేరుకుని, ఒక్కో మాటా ఆచితూచి చెప్పింది. "రేపు మిరియం కుట్లు విప్పుతాను. అప్పుడే ఈ పద్నాలుగింటినీ తాళ్ళతో కట్టి తీసుకురండి. ఆడవాటికీ మగవాటికీ అన్నిటికీ ఆపరేషన్లు చేసేస్తాను. అప్పటిదాకా ఒకదాని కంట ఒకటి పడకూడదు. ఇంకేమీ చెయ్యొద్దు, మీకు దండం పెడతాను."

అంతే. సూరమ్మ పాతచీర పద్నాలుగు పేలికలు చించింది. పద్నాలుగు కుక్కలకీ కళ్ళకి గంతలు కట్టారు. తెల్లారి ఊరేగింపు బయల్దేరింది. ముందు పోలినాయుడు, ఆయన చంకలో గరాటాతో మిరియం. వెనక తాళ్ళు పట్టుకుని సూరమ్మ, అప్పన్న, సింహాద్రి. కుక్కలు బుద్ధిగానే నడుస్తున్నాయి. మలుపు వచ్చింది. బోర్డు కనిపించింది. నలుగురూ నెమ్మదించారు. కుక్కలు నెమ్మదించలేదు, తాళ్ళు లాగేస్తున్నాయి.

"ఏటిది?" పోలినాయుడు నొచ్చుకున్నాడు. "మన ఇంటి అన్నం తిని బోర్డు మాట కాదంటాయా?"

"వాటి తప్పేముంది నాన్నా, గంతలున్నాయి కదా. పాపం, ఎలా చదువుతాయి?" అన్నాడు సింహాద్రి.

పోలినాయుడు నాలిక కరుచుకున్నాడు. తప్పు తమదే. కుక్కల్ని వరసగా బోర్డు ముందు నిలబెట్టి, పద్నాలుగు గంతలూ విప్పించాడు. "చదవండి నాయనా, తొందరేమీ లేదు."

ఇంకేముంది! ఏడు జతల కళ్ళు ఏడు జతల కళ్ళని చూశాయి. తాళ్ళు తెగాయి. దుమ్ము లేచింది. ఆ దుమ్ము అణిగేసరికి రోడ్డు మీద పద్నాలుగు పేలికలు, నలుగురు మనుషులు, ఒక్క మిరియం.

గరాటాలోంచి మిరియానికి ఎదురుగా ఉన్న బోర్డు తప్ప మరేదీ కనిపించడం లేదు. అది తల తిప్పకుండా దాన్నే చూస్తోంది.

పోలినాయుడి కళ్ళు చెమర్చాయి. దాన్ని గుండెకి ఇంకాస్త దగ్గరగా పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ ఆసుపత్రి వైపు నెమ్మదిగా నడిచాడు.

"చూశారట్రా," అన్నాడు, "పదిహేను కుక్కల్లో చదువొచ్చింది మన పిల్లకొక్కదానికే."