తవిటమ్మ గోలెం

అలలకి లెక్క, గవ్వలకి వెల లేని రోజుల మాట ఇది. సముద్రం ఒడ్డున గవ్వలకోట అని ఒక ఊరు. ఊరికొక రాజు. రాజుకొక గాజుతొట్టి. ఆ తొట్టికి నీళ్ళు మోసే మనిషి తవిటమ్మ. ఊఁ కొట్టండి, చెబుతాను.

తవిటమ్మ జాలరి మనిషి. ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదని వాళ్ళమ్మ ఈ బిడ్డని పొరుగింటి చేటలో వేసి, గుప్పెడు తవుడిచ్చి తిరిగి తెచ్చుకుంది. అందుకే ఆ పేరు. పేరు చిన్నది, పని ఇంకా చిన్నది. పొద్దున్నే బావికి పోవడం, కావిడితో మంచినీళ్ళు తేవడం, గాజుతొట్టి అడుగున పేరుకున్న పెంట ఎత్తడం.

ఆ తొట్టిలో ఏమున్నాయనుకున్నారు? పన్నెండు బంగారు చేపలు! ఎదురుగా ఉన్న దీవి రాజు పంపించినవి. అంతకుముందు మూడేళ్ళు దీవివాళ్ళకీ గవ్వలకోటవాళ్ళకీ నడిసముద్రంలో ఒకటే కొట్లాట. వలలు తెగాయి, పడవలు మునిగాయి, మనుషులు పోయారు. తవిటమ్మ పెనిమిటి అందులోనే పోయాడు. ఆఖరికి ఇద్దరు రాజులూ రాజీపడ్డారు. దీవి రాజు చేపలిచ్చి, "ఇవి మీ ఇంట చల్లగా ఉన్నన్నాళ్ళు మన స్నేహం చల్లగా ఉంటుంది. ఏటా మా దూత వచ్చి చూసిపోతాడు" అన్నాడు.

ఏడాది తిరగబోతోంది. దూత వచ్చే పున్నమి ఇంకా నెలరోజులుంది. అప్పుడు మొదలైంది చేపలకి జబ్బు!

పొట్టలు లోపలికి పోయాయి. వీపులు కత్తి అంచులా తేలాయి. తిండి వేస్తే నోట్లోకి తీసుకోవడం, తుపుక్కున ఉమ్మెయ్యడం. ఒకటి చచ్చింది. మర్నాడు ఇంకొకటి. రాజుగారికి ముద్ద దిగలేదు.

ఆస్థాన వైద్యుడు వచ్చాడు. పసుపు కలిపి తొట్టిలో పోశాడు. నీళ్ళు పచ్చబడ్డాయి, చేపలు బాగుపడలేదు. పక్క ఊరి పెద్ద వైద్యుడు వచ్చాడు. వేపాకు కషాయం పోశాడు. నీళ్ళు చేదెక్కాయి, చేపలు బాగుపడలేదు. కొండ మీంచి మంత్రగాడు వచ్చాడు. విభూతి చల్లి తాయెత్తు ముంచాడు. నీళ్ళు బూడిదరంగెక్కాయి, చేపలు బాగుపడలేదు. పన్నెండు కాస్తా ఐదయ్యాయి!

ఆ మూడుసార్లూ నీళ్ళు పారబోసి, తొట్టి కడిగి, కొత్త నీళ్ళు నింపింది తవిటమ్మే. కడుగుతూ కడుగుతూ ఒకటి చూసింది. బాగున్న చేప పెంట నల్లగా, తునకలుగా ఉంటుంది. వీటిది తెల్లటి దారంలా సాగుతూ, వేలాడుతూ ఉంది. మూడు రోజులు చూసింది. మూడు రోజులూ తెల్లదారమే.

కావిడి దించి, సభలోకి నడిచింది.

"మారాజా, ఒక్క మాట. రోగం నీళ్ళలో లేదు, కడుపులో ఉంది. పొట్టలో పురుగు చేరింది. తిన్నదంతా అదే లాగేస్తోంది. మందు నీళ్ళలో పోస్తే కడుపులోకెలా పోద్ది బాబూ?"

ఆస్థాన వైద్యుడు పకపకా నవ్వాడు. "నీళ్ళు మోసేదానికి నాడి తెలుసా?"

"నాడి నాకు తెలీదు బాబూ. పెంట తెలుసు. రోజూ ఎత్తేది నేనే గదా!"

సభంతా ఘొల్లుమంది. రాజు మాత్రం నవ్వలేదు. "నీకేం కావాలో చెప్పు" అన్నాడు.

"ఒక మట్టి గోలెం, వెల్లుల్లి, నా మీద నమ్మకం" అంది తవిటమ్మ.

ఐదు చేపల్నీ తడి చేతుల్తో, పసిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి, గోలెంలోకి మార్చింది. గాజుతొట్టిని కడిగి ఎండలో బోర్లించింది. ఇప్పుడు మందు. వాళ్ళ పేటలో పిల్లలకి కడుపులో పాములు చేరితే వెల్లుల్లి నూరి పెడతారు. తనూ వెల్లుల్లి నూరి గోధుమపిండిలో కలిపి వేసింది. చేపలు ఉమ్మేశాయి. నూరి, ఉడికిన రొయ్యలో కలిపి వేసింది. వాసన చూసి మొహం తిప్పేసుకున్నాయి. నూరి, గుడ్డుసొనలో కలిపి వేసింది. కన్నెత్తి చూడలేదు!

"తినకపోతే ఎలాగే తల్లులారా!" అని తవిటమ్మ గోలెం పక్కన కూలబడింది. పెనిమిటి పడవ ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజు కళ్ళ ముందు కదిలింది. ఇవి పోతే మళ్ళీ కొట్లాటే. పేటలో ఇప్పుడెన్ని పడవలున్నాయి, ఎంతమంది పెనిమిట్లున్నారు!

అంతలో ఒక దోమ నీళ్ళలో పడి గిలగిల కొట్టుకుంది. పడుకున్నట్టున్న చేప ఒకటి చటుక్కున లేచి, గుటుక్కున మింగింది. ఉమ్మలేదు!

తవిటమ్మ ఎగిరి గంతేసింది. "కదిలేదే కావాలా మీకు! ముందే చెప్పొచ్చు గదా!"

పరుగు, పరుగు! ఊరవతల ఉప్పుమడులకి పరుగు. ఆ ఉప్పునీళ్ళలో వెంట్రుక ముక్కంత రొయ్యపురుగులు లక్షలుంటాయి. అవెప్పుడూ కదులుతూనే ఉంటాయి, నోటికి తగిలిందల్లా మింగుతూనే ఉంటాయి. పాత చీరకొంగుతో దేవి, కుండలో పోసి, వెల్లుల్లి రసం కలిపింది. పూట గడిచేసరికి పురుగుల పొట్టలు నిండాయి. వాటిని మంచినీళ్ళతో జాడించి గోలెంలో వదిలింది.

ఐదు చేపలూ ఒక్కసారి కదిలాయి! ఒకటి మింగింది. రెండోది మింగింది. మూడోది వెంటపడి మరీ మింగింది! మందు కడుపులోకి పోయింది!

మూడు రోజులు అలాగే పెట్టింది. నాలుగో నాటికి తెల్లదారం ఆగిపోయింది. కోట అంతా కేరింతలు. మంత్రి పరుగున వచ్చి, "ఇంక గాజుతొట్టిలో వెయ్యి, దూత వచ్చే వేళైంది!" అన్నాడు.

తవిటమ్మ గోలేనికి అడ్డంగా నిలబడింది. "వద్దు బాబూ. పురుగు చచ్చింది గానీ దాని గుడ్లు మిగిలుంటాయి. వారం ఆగి ఇంకో మూడు రోజులు పెట్టాలి. ఇప్పుడు తొట్టిలో వేస్తే మళ్ళీ మొదటికే వస్తాది."

సరిగ్గా ఆ మాటకే రేవులో శంఖం మోగింది. దూత ఓడ! గాలి కలిసొచ్చి వారం ముందే వచ్చేసింది.

దూత తిన్నగా గాజుతొట్టి దగ్గరికి వచ్చాడు. తొట్టి ఖాళీ. మొహం ఎర్రబడింది. "చేపలేవి? ఇదేనా మీ స్నేహం?"

రాజు తల వంచాడు. తవిటమ్మ ముందుకొచ్చింది.

"ఏడు చచ్చిపోయాయి బాబూ, దాచను. ఐదు బతుకుతున్నాయి. వచ్చి చూడండి."

మట్టి గోలెంలో రాజుల చేపలా! దూత ముక్కు చిట్లించి వంగాడు. తవిటమ్మ రొయ్యపురుగుల కుండ వంచింది. ఐదు చేపలూ నిప్పురవ్వల్లా ఎగిరాయి! నీళ్ళు దూత మీసాల మీద చిందాయి. దూత ఇంకా కిందికి వంగి గోలెం అడుగుకేసి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అమ్మా, వీటి పెంట తెల్లదారంలా వచ్చిందా?"

"వచ్చింది బాబూ. మీకెలా తెలుసు?"

దూత నేలమీదే కూర్చుండిపోయాడు. "మా రాజు కొలనులోనూ అలాగే చస్తున్నాయి. మీకిచ్చిన చేపలైనా ఉన్నాయో లేవో చూడమని, ఉంటే ఒక జత అడిగి తెమ్మని పంపాడు. జబ్బు మా దగ్గర్నుంచే వచ్చిందమ్మా. తప్పు మాది."

కత్తుల దాకా వెళ్ళాల్సిన మాట కన్నీళ్ళతో ఆగింది! దూత పదిరోజులుండిపోయాడు. తలపాగా తీసి పక్కన పెట్టి, తవిటమ్మ వెంట ఉప్పుమడులకి నడిచి, మోకాలి లోతు నీళ్ళలో దిగి పురుగులు దేవడం నేర్చుకున్నాడు. రెండో విడత మూడు రోజులూ దగ్గరుండి మందు పెట్టించాడు. వెళ్ళేటప్పుడు ఓడలో ఒక జత చేపలు, వెల్లుల్లి బస్తాలు, రొయ్యపురుగుల కుండలు. ఆ ఏడాదే దీవి కొలనులో మళ్ళీ చేపలు ఈదాయి. ఆ తర్వాత గవ్వలకోట పడవలని దీవివాళ్ళు ఎన్నడూ ఆపలేదు.

రాజు మేడ ఇస్తానంటే తవిటమ్మ వద్దంది. "రోజూ ఇటే వస్తాను గదా, మేడెందుకు బాబూ" అని కావిడి ఎత్తుకుంది. నిండా బతికి, ఒక పొద్దున బావిగట్టు మీద కూర్చుని అలాగే కన్నుమూసింది. ఆమె దినం నాడు దీవినుంచి మూడు ఓడలొచ్చాయి.

ఇప్పటికీ గవ్వలకోటలో ఎవరు కొత్త చేప తెచ్చినా తిన్నగా తొట్టిలో వెయ్యరు. మూడు వారాలు మట్టి గోలెంలో విడిగా ఉంచి, తిన్నదీ చూస్తారు, పెంటా చూస్తారు. దాన్ని తవిటమ్మ గోలెం అంటారు. ఉప్పు తీసేవాళ్ళు ఒక మడిని మాత్రం ఏటా ఎండబెట్టకుండా రొయ్యపురుగులకి వదిలేస్తారు. అందులో గుడ్డ ముంచబోయేముందు పెద్దలైనా పిన్నలైనా ఒక్క క్షణం ఆగి, గట్టిగా ఒక కేక వేస్తారు:

"తవిటమ్మత్తా! కాసిని పట్టుకెళ్తున్నామే!"