సున్నా వచ్చినవాడి విందు

మల్లికాపురాన్ని ఏలే పద్మనాభ భూపతికి కొలతల పిచ్చి. కోటగోడ పొడవు కొలిపించాడు, పట్టపుటేనుగు బరువు తూయించాడు, చివరికి సేనాపతి మీసాన్ని కూడా కొలిపించి ఆ రోజంతా మురిసిపోయాడు. ఇక కొలవడానికి ఏమీ మిగల్లేదని దిగాలుపడి ఉండగా, ఉత్తరాది నుంచి వామదేవ భట్టు అనే పండితుడు దిగాడు.

"నేను తెలివిని కొలుస్తాను మహారాజా," అన్నాడాయన శాలువా సర్దుకుంటూ. "ఎవరి బుర్రలో ఎంతుందో నూటికి ఇంత అని తేల్చి చెబుతాను."

రాజుకి ప్రాణం లేచొచ్చింది. కొలువులో అందరికీ పరీక్ష పెట్టమన్నాడు. నూటికి సగమైనా రానివాడు కొలువు విడిచి, ఊరు విడిచి వెళ్ళాలని ఆజ్ఞ కూడా వేసేశాడు.

అది విని ధీమాగా నవ్వుకున్నవాడు ఓబన్న ఒక్కడే. రాజుగారి పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం, చిక్కేదైనా వస్తే విప్పడం ఆయన ఉద్యోగం. తన తెలివి మీద తనకి నమ్మకం కాస్త ఎక్కువే. "నూరు దాటిపోతే భట్టుగారు ఏం చేస్తారో పాపం," అని భార్య చెంచమ్మతో చెప్పి మరీ సభకి వచ్చాడు.

భట్టు గొంతు సవరించుకున్నాడు. "నాలుగు పేర్లు చెబుతాను. వాటిలో చేరనిదాన్ని తీసి పక్కన పెట్టాలి. గుర్రం, ఎద్దు, ఏనుగు, మావటి."

"మావటి," అన్నారు సభికులు ఒకరి తర్వాత ఒకరు. "మిగతావన్నీ నాలుగు కాళ్ళవి."

భట్టు మెచ్చుకోలుగా తలాడించాడు. ఓబన్న వంతు వచ్చింది.

"నేను ఏదీ తీయను స్వామీ. మావటిని తీసేస్తే ఏనుగు వీధిన పడుతుంది. అప్పుడు పక్కకి తప్పుకోవలసింది మనమే."

సభంతా నవ్వింది. భట్టు మాత్రం నవ్వలేదు. "సున్నా," అన్నాడు. "బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ, ఎండుకట్టె."

"నాలుగూ ఉండాలి స్వామీ. లేకపోతే భోజనం ఉండదు."

"కట్టెని తింటావటయ్యా? సున్నా."

అన్నీ ఇలాంటి ప్రశ్నలే. పరీక్ష ముగిసేసరికి తక్కినవాళ్ళందరూ గట్టెక్కారు, ఓబన్నకి మాత్రం సున్నా మిగిలింది. రాజుగారిని ఎవరూ కొలవలేదు. భట్టుకి ఆపాటి లోకజ్ఞానం ఉంది.

"మాట ఇచ్చేశానయ్యా ఓబన్నా," అన్నాడు రాజు, ముఖం చూడలేక పక్కకి తిరిగి. "రేపు సాయంత్రానికల్లా బయల్దేరు."

ఇంట్లో అడుగు పెట్టగానే చెంచమ్మ అడిగింది. "నూరు దాటిందా?"

"సున్నా వచ్చింది. ఊరు విడిచిపొమ్మన్నారు."

చెంచమ్మ ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఉంటున్న ఇల్లు కొలువువాళ్ళు ఇచ్చిందే. ఈ వయసులో మూటాముల్లె సర్దుకుని ఎక్కడికని పోతారు? ఇన్నాళ్ళూ తన తెలివి గురించి ఎంత డాబుగా మాట్లాడాడో తల్చుకుని ఓబన్న సిగ్గుపడ్డాడు. ఏమేం అడిగారో మెల్లగా చెప్పాడు.

"కట్టె తీసేస్తే మరి వంటెట్లా అవుతుందంట?" అంది చెంచమ్మ చిరాగ్గా.

ఓబన్న చటుక్కున తలెత్తాడు. కొలువు విడిచేవాడు వెళ్ళే ముందు రాజుకీ సభకీ భోజనం పెట్టాలని అక్కడొక ఆచారం.

"చెంచూ, రేపు మధ్యాహ్నం మనింట్లో విందు. పెరట్లో రెండు పొయ్యిలు పెట్టు," అన్నాడు.

మర్నాడు అందరూ వచ్చి వరసలో కూర్చున్నారు. రాజు పక్కన పెద్దపీట మీద భట్టు కూర్చున్నాడు. పెరట్లోంచి పులుసు తాలింపు వాసన గుప్పున కొడుతోంది. ఓబన్న రాజుగారి విస్తరి ఒక్కటీ వదిలేసి, భట్టుతో మొదలుపెట్టి వరసంతా వడ్డించుకుంటూ పోయాడు. నిప్పులేని మొదటి పొయ్యి మీంచి దించిన, చల్లటి నీళ్ళు ఓడుతున్న బియ్యం, రాళ్ళలాంటి కందిపప్పు, పచ్చి గుమ్మడి ముక్క.

భట్టు ఉలిక్కిపడ్డాడు. "ఇదేం భోజనమయ్యా?"

"తమరు నూటికి నూరు వేసిన జవాబుతో వండింది స్వామీ. చేరనిదాన్ని తీసి పక్కన పెట్టమన్నారు. పెట్టాను." గోడవారగా పేర్చిన కట్టెల్ని చూపించాడు ఓబన్న. పై కట్టెకి గౌరవంగా పసుపూ కుంకుమా కూడా పెట్టి ఉన్నాయి.

"నేనడిగింది తినేవాటి గురించి. వంట గురించి కాదు," అన్నాడు భట్టు ఎర్రబడి.

"ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నేనూ కట్టే అనేవాణ్ణి కదా. చెప్పకుండా మనసులో పెట్టుకున్నారు. మీ మనసులోది కనిపెట్టినవాడికి నూరు, తన బుర్రతో ఆలోచించినవాడికి సున్నా."

"నా కొలతలో తప్పేముంది? తెలివే కదా కొలిచాను."

ఓబన్న చేతులు కట్టుకున్నాడు.

"తమరు కొలిచింది నా తెలివిని కాదు స్వామీ, అది తమరి తెలివికి ఎంత దూరంలో ఉందో కొలిచారు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు మాత్రం ముక్కు ఎగబీలుస్తున్నాడు. "ఆ వాసన ఎక్కణ్ణుంచయ్యా?"

"రెండో పొయ్యి మీదనుంచి మహారాజా. సున్నా వచ్చినవాడి వంట. తమ హోదాకి తగదేమోనని వడ్డించలేదు."

"హోదా సంగతి తర్వాత చూద్దాం. నాకు సున్నాయే వడ్డించు."

చెంచమ్మ పెరట్లోంచి గిన్నెలు తెచ్చింది. పొగలు కక్కే అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు రాజు విస్తట్లో పడ్డాయి. మొదటి ముద్ద మింగి రాజు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి, మెళ్ళోని ముత్యాల హారం తీసి ఓబన్న మెళ్ళో వేశాడు.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఈ ఇల్లు ఇకనుంచి నీ సొంతం. తెలివిని కొలవాలన్న బుద్ధిని మాత్రం ఊరవతలకి పంపించేస్తున్నాను."

ఆ మాటతో సభికులంతా చెంచమ్మ వైపు విస్తళ్ళు జరిపారు. భట్టు కాసేపు బిగుసుకుని కూర్చున్నాడు. పులుసు గిన్నె తన ముందునుంచి వెళ్ళిపోతుంటే ఇక ఆగలేకపోయాడు.

"అమ్మా, నాకూ ఆ సున్నాలోంచే కొంచెం..." అన్నాడు చిన్నగా.

చెంచమ్మ గరిటె ఎత్తి ఆగింది.

"ముందు ఆ పచ్చిబియ్యం తీసి పక్కన పెట్టండి స్వామీ. మీ విస్తట్లో చేరనిది అదే."

రాజుకి నవ్వుతో పొలమారింది. ఆయన నెత్తిన తడుతూ అందరికంటే గట్టిగా నవ్వినవాడు వామదేవ భట్టే.