పెంచలయ్య చూపించని చిగుళ్ళు

కోవూరు వడ్ల మిల్లులో గింజ కొరికి తేమ చెప్పే పెంచలయ్యకు తన పళ్ళంటే ఎంత గర్వమో, ఆ పళ్ళను పట్టి నిలిపే చిగుళ్ళంటే అంత నిర్లక్ష్యం. రైతు బస్తా దించగానే పెంచలయ్య అడుగు దాకా చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసేవాడు. పొట్టు ఒలిచి కుడి దవడ పళ్ళ మధ్య పెట్టి కొరికేవాడు. టక్కుమని విరిగితే ఎండిందనేవాడు. మెత్తగా అణిగితే నెమ్ముంది, ఇంకో ఎండ పడాలనేవాడు. మిల్లులోకి తేమ చూసే మిషను వచ్చి ఆరేళ్ళయినా రైతులు దాని అంకె విని, మళ్ళీ పెంచలయ్య ముఖం చూసేవారు. ఇనమడుగు నుంచి వడ్లు తెచ్చే మస్తానమ్మ అయితే మిషను వైపు తిరిగేదే కాదు.

"దానికి పళ్ళున్నాయా ఏంది? నువ్వు కొరికి చెప్పన్నా" అనేది.

ఆ మాటకు పెంచలయ్య లోలోపల ఉబ్బిపోయేవాడు. మనిషి మంచివాడే. పొగడ్త దగ్గర మాత్రం చిన్నపిల్లాడు.

యాభై దాటాక అతనికి సుగరు వచ్చింది. ఆ మరుసటి ఏడు పళ్ళు తోముకుంటుంటే రక్తం కనిపించింది. భార్య కామాక్షమ్మ చూసి కంగారు పడితే, వేడి చేసిందిలే అన్నాడు. మనకు ఈ వేడి ఒకటి దొరికింది గదా! నోరు పొక్కినా వేడే, కళ్ళు మండినా వేడే, ఇక వైద్యుడితో పనేముంది? కామాక్షమ్మ సబ్జా నీళ్ళు ఇచ్చింది, మజ్జిగ ఇచ్చింది. రక్తం ఆగలేదు. బ్రష్షు తగిలితేనే వస్తోందని పెంచలయ్య కుడివైపు తోమడమే మానేశాడు. దాంతో రక్తం కనపడటం తగ్గింది. జబ్బు తగ్గిందని సంతోషించాడు, పాపం. పాచి గట్టిపడి గార కట్టింది. చిగురు ఉబ్బింది. నోటి వాసన బయటపడకుండా ఎప్పుడూ ఒక లవంగం బుగ్గన పెట్టుకుని తిరిగేవాడు.

ఒకరోజు గింజ కొరికితే గింజ విరగలేదు, పన్ను కదిలింది. అది వేడి కాదని అతనికి అప్పుడే తెలిసిపోయింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు. పన్ను కదులుతున్నవాడి మాట మిల్లులో ఎవరు వింటారని భయపడ్డాడు. అప్పటినుంచి గుమాస్తా మిషను అంకె చదివేదాకా ఆగేవాడు. తర్వాత గింజను ముందు పళ్ళకు అలా తాకించి, మిషను చెప్పిందే తానూ చెప్పేవాడు. మొదటిసారి అలా చేసిన రోజు అతనికి అన్నం సహించలేదు. రానురాను అలవాటైపోయింది.

ఇంతలో సుగరు పెరిగింది. మాత్రలు మార్చినా దిగలేదు. కామాక్షమ్మ పట్టుబట్టి నెల్లూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కాగితాలన్నీ చూసి, ఇంత మందుకూ లొంగకపోతే ఒంట్లో ఎక్కడో చీము ఉండాలన్నాడు.

"చిగుళ్ళు ఎలా ఉన్నాయి? రక్తం ఏమైనా వస్తోందా?" అని అడిగాడు.

"మా మిల్లులో ఎవర్నయినా అడగండి సార్, నా పళ్ళెట్టాంటివో చెప్తారు" అన్నాడు పెంచలయ్య.

కామాక్షమ్మ ఏదో చెప్పబోయింది. అతను గుడ్లురిమి చూశాడు. ఆమె తల దించుకుంది. ఆరోజు తాను నోరు మూసుకున్నందుకు ఆమె ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. డాక్టరు ఇంకో మాత్ర కలిపి రాసి పంపించాడు.

రెండు నెలలు గడిచాయి. మిల్లు ఆవరణలో వడ్లు ఎండబోసిన చోట పెంచలయ్య కాలికి మేకు గుచ్చుకుంది. గాయం చిన్నదే. పసుపు పెట్టుకున్నాడు, కట్టు కట్టించుకున్నాడు. సుగరు మీద ఉన్న ఒళ్ళు ఆ చిన్న గాయాన్ని మాన్పుకోలేకపోయింది. వేలు నల్లబడింది, పక్క వేలూ నల్లబడింది. చివరికి ఆస్పత్రిలో రెండు వేళ్ళూ తీసేశారు. తలగడ మీద రక్తపు మరకలు చూసి అక్కడి నర్సు పళ్ళ డాక్టరమ్మను పిలిపించింది. ఆమె కుడి చిగురు మీద వేలితో నొక్కితే చీము వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"రెండేళ్ళు దాటిందమ్మా" అంది కామాక్షమ్మ. ఈసారి భర్త వైపు చూడలేదు.

డాక్టరమ్మ అతని పక్కన కూర్చుంది. "చిగుళ్ళలో చీము నిలవ ఉంటే సుగరు దిగిరాదు. సుగరు దిగకపోతే చిగురూ మానదు, కాలి పుండూ మానదు. ఒకదాన్ని ఒకటి పెంచుతూ పోయాయి. రక్తం కనపడ్డ కొత్తలో వచ్చి ఉంటే గార తీసి, శుభ్రం చేసి పంపేదాన్ని. పళ్ళు నిలిచేవి. వేళ్ళు కూడా దక్కేవేమో" అంది.

కుడివైపు దవడ పళ్ళు నాలుగూ తీసేశారు, మిగతా చిగుళ్ళు శుభ్రం చేశారు. దాంతో మందులకు సుగరు మెల్లగా దారికొచ్చింది. ఏ పళ్ళ పేరు నిలబెట్టుకోవాలని ఇంత దాచాడో ఆ పళ్ళే పోయాయి.

మరుసటి పంటకు పెంచలయ్య కర్ర పట్టుకుని మిల్లుకు వచ్చాడు. మస్తానమ్మ ఎదురొచ్చి కాలు చూసి బాధపడింది. తర్వాత ఎప్పటిలాగే నాలుగు గింజలు తెచ్చి అతని అరచేతిలో పోసింది.

"నాకాడ ఆ కొరికే పళ్ళు లేవు మస్తానమ్మా" అన్నాడు పెంచలయ్య.

"పోయిన పంటకు కొరికే గదన్నా చెప్పావు?"

"కొరికినట్టు చేశాను. చెప్పింది మిషను. అప్పటికే పన్ను కదులుతోంది. మీరందరూ నన్ను పక్కన పెడతారని దాచాను."

ఆమె తిడుతుందని అనుకున్నాడు. ఆమె గింజలు తిరిగి తీసుకుని కొంగున ముడేసుకుంది.

"చెప్పుంటే నేనే నిన్ను ఆస్పత్రికి పిల్చుకుపోయుండేదాన్ని గదన్నా. నీ పళ్ళకోసమా మేం నిన్నడిగింది? నువ్వు అబద్ధం చెప్పవని" అంది.

ఆమె మిషను దగ్గరికి నడిచింది. పెంచలయ్య ఖాళీ అరచెయ్యి అలాగే చాపుకుని నిలబడిపోయాడు. ఆ పంటలో మరెవరూ అతని చేతిలో గింజ పెట్టలేదు.

నీతి: చిగుళ్ళ జబ్బు నోటితో ఆగదు, ఒళ్ళంతా చెరుపుతుంది, రక్తం కనపడిన రోజే వైద్యుడికి చూపించుకోవాలి, పరువు కోసం దాచిన జబ్బు ఆ పరువును కూడా మిగల్చదు.