తెర మీది టీ గ్లాసు

జీపు డ్రైవరు అట్టపెట్టెను బల్ల మీద దించి వెళ్ళిపోయాడు. దాన్ని చూడగానే పైడితల్లి గుర్తుపట్టింది. పది రోజుల కిందట తను స్వయంగా కట్టి కొండ మీది ఆస్పత్రికి పంపిన తెర అది. వెళ్ళిన దారినే తిరిగొచ్చేసింది.

నర్సీపట్నంలో మీరాసాహెబుగారి షాపు చుట్టుపక్కల ఆస్పత్రులన్నిటికీ తెలుసు. ఎక్స్‌రేలు చూసే తెర ఎక్కడ మొరాయించినా ఆయన దగ్గరికే దిగాలి. డిప్లొమా చదివి వచ్చిన పైడితల్లి మూడేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది.

ఆ షాపుకో ఆనవాయితీ ఉంది. తెరను సరిచేసినవాళ్ళు వెనక మూత లోపలివైపు పెన్సిలుతో తమ పేరు రాయాలి. రాసే యోగ్యత ఎవరికి వచ్చిందో గురువుగారే చెప్పాలి. మూడేళ్ళలో ఆ మాట పైడితల్లికి ఆయన చెప్పలేదు.

చెప్పలేదని ఊరుకుందా? లేదు. గురువుగారు కూతుర్ని చూడ్డానికి ఎలమంచిలి వెళ్ళిన వారంలో ఈ తెర బాగుకి వచ్చింది. తెరకు వెళ్ళే ఓల్టేజీని పెంచడానికీ తగ్గించడానికీ వెనక ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని ఎంత తిరిగితే అంత పైకి తిప్పింది. తెర ధగధగలాడిపోయింది. ఇంత వెలుగు ఈ షాపులో ఎవరు తెప్పించారు కనుక! ఆ మురిపెంలో మూత లోపల తన పేరు రాసేసి, మూత బిగించి పంపేసింది.

పెట్టెలో డాక్టరుగారి చీటీ ఉంది. గురువుగారు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు.

"తెర బ్రహ్మాండంగా వెలుగుతోంది. మా సోలారు బ్యాటరీ మాత్రం మధ్యాహ్నానికే చేతులెత్తేస్తోంది. ఈ మధ్య ఒకామె ముంజేతి ఎముకలో చీలిక దీని మీద నాకు కనిపించలేదు. పాపం, వారం రోజులు ఆ చేత్తోనే నీళ్ళు మోసింది. ఇప్పుడు కట్టు కట్టాం, పర్లేదు. సాయంత్రం జీపుకి సరిచేసి పంపగలరు."

పైడితల్లికి ఏడుపొచ్చినంత పనైంది. దాంతోపాటే ఉక్రోషమూ వచ్చింది.

"ఇంత వెలుగిస్తే కనిపించకపోవడమేంటండీ గురువుగారూ? ఆ డాక్టరుగారే ఓసారి కళ్ళు చూపించుకోవాలేమో!"

గురువుగారు స్క్రూడ్రైవరు అందుకున్నారు. మూత విప్పారు. లోపల రాసున్న పేరు చూశారు. చూసి, మళ్ళీ మూత బిగించేశారు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది పైడితల్లికి.

తెరను వెలిగించి, పొద్దున తాగడం మరిచిపోయిన టీ గ్లాసు తెచ్చి దాని నెత్తిన పెట్టారాయన. ఇంకెవరైనా ఆ పని చేస్తే చెవి మెలేసే మనిషి! కాసేపయ్యాక గ్లాసు వైపు చూపించి, "పట్టుకు చూడు" అన్నారు.

పట్టుకుంది. చల్లారిపోయిన టీ కాస్తా గోరువెచ్చగా ఉంది.

"గ్యాసు పొయ్యి దండగ, అమ్మాయ్. రేపట్నుంచి నీ తెర మీదే కాచుకుందాం."

పైడితల్లి మొహం కందగడ్డయింది. ఆయన మాత్రం తాపీగా జేబులోంచి పెన్ డ్రైవు తీసి తెరకు తగిలించారు. ఎవరిదో ఛాతీ ఎక్స్‌రే వచ్చింది.

"నాదే. ముప్పై ఏళ్ళ కిందట డాబా మీద యాంటెన్నా కడుతూ జారిపడ్డాను. ఒక పక్కటెముక చిట్లింది. అప్పటి ఫిల్మునే ఇందులోకి ఎక్కించి దాచుకున్నాను. ఏ ఎముకో చూసి చెప్పు."

పైడితల్లి వంగి చూసింది. దగ్గరగా చూసింది, దూరం జరిగి చూసింది. పక్కటెముకలన్నీ సున్నం కొట్టిన గోడలా ఒకే తెలుపు.

"ఏదీ చిట్లలేదండీ."

"చిట్లలేదా! మరి మూడు నెలలు నేను ఎందుకు మూలిగానో!" అంటూ ఆయన పేపరు పట్టుకుని వాకిట్లో కుర్చీలో కూర్చున్నారు.

పైడితల్లి అక్కడే నిలబడిపోయింది. ఎవరో తెలియని ఆ మనిషి, చిట్లిన చేత్తో బిందె ఎత్తుకుని కొండెక్కుతున్నట్టు కళ్ళకు కట్టింది. ఇక డాక్టరుగారి మీద కోపం రాలేదు.

పరీక్ష బొమ్మ పెట్టింది. అందులో నలుపు నుంచి తెలుపు దాకా పదహారు గళ్ళుంటాయి, ఒకదాని కన్నా ఒకటి కాస్త తెలుపు. మొన్న పంపేటప్పుడు చివరి గడి ఒక్కటే చూసి మురిసిపోయింది. ఇప్పుడు చూస్తే చివరి నాలుగూ కలిసి ఒకే ముద్దయి ఉన్నాయి.

మర కిందికి తిప్పింది. కంగారులో మరీ తిప్పేసరికి ఈసారి నల్లగళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మళ్ళీ కొంచెం పైకి. మళ్ళీ వెంట్రుకవాసి కిందికి. ఎంతసేపు తిప్పిందో ఆమెకే తెలీదు. చివరికి పదహారు గళ్ళూ వేటికవి విడివిడిగా నిలబడ్డాయి. కరెంటు ఎంత లాగుతోందో చూపించే ముల్లు సగానికి దిగింది.

అప్పుడు ఎక్స్‌రే పెట్టింది.

"గురువుగారూ! ఏడోది! ఎడమ పక్క ఏడోది! సన్నటి గీత!" అని కేక పెట్టింది.

"అమ్మయ్య, ఇప్పటికైనా నమ్మావు" అన్నారాయన పేపరు మడుస్తూ.

లోపలికొచ్చేసరికి ఆమె ఒక చేత్తో స్క్రూడ్రైవరు, ఇంకో చేత్తో రబ్బరు పట్టుకుని ఉంది.

"ఏం చేస్తున్నావు?"

"పేరు చెరిపేస్తానండీ. మీరు చెప్పకుండా రాసేసుకున్నాను." తలెత్తలేదు.

గురువుగారు తెర నెత్తినున్న గ్లాసు అందుకున్నారు. ఓ గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. టీ అంటే పొగలు కక్కాలనే మనిషి, చివరి చుక్క దాకా తాపీగా తాగి గ్లాసు బల్ల మీద పెట్టారు.

"చల్లారిపోయింది" అన్నారు తృప్తిగా. "పేరు ఉండనీ."