మారాజు నడిచే దారి

రత్నగిరి రాజు కుముదవర్మకు ఒక సరదా ఉండేది. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా దాన్ని పందెంగా మార్చేసేవాడు. మంచివాడే, కాదనను. కానీ ఊరికే తీర్పు చెబితే ఆయనకు తిన్నది అరగదు.

ఒకనాడు మజ్జిగమ్మే పోలమ్మ కొడుకును చంకనేసుకుని సభకు వచ్చింది. పిల్లాడి మోకాలికి పసుపు గుడ్డ కట్టి ఉంది. చేతిలో విరిగిన పలక.

“మారాజా, మావాడు బడికి నడిచిపోతుంటే రథం తోసేసింది. ఇవాళ మోకాలు చెక్కుకుపోయింది. రేపు పిల్లాడే పోతే నేనేం చెయ్యను? మా వాడలో తల్లులంతా పిల్లల్ని బడి మానిపించేస్తున్నారు. చదువు కావాలా, బిడ్డ కావాలా అంటే ఏ తల్లయినా ఏమంటది?” అంది.

ఆ రథం భీమకేతుది. రాజ్యంలోని రథాలన్నిటికీ ఆయనే అధిపతి. సరిగ్గా పిల్లలు బడికి పోయే వేళకే రాచబాట మీద గుర్రాలను ఉరికించేవాడు. ఇంకో వేళ దొరకదా అంటే, దొరుకుతుంది. అప్పుడు ఆయన మీసం చూసేవాళ్ళు దొరకరు.

“రాచబాట రథాలది, మహాప్రభూ,” అన్నాడు భీమకేతు. “పిల్లలు గోడవారగా పోవాలి. నా రథం ఆగేది ఒక్క మహారాజుకే. తమరు వస్తున్నారన్న కేక వినబడితే చాలు, ఉన్నపళంగా దిగి, చెప్పులు విడిచి, తల వంచి నిలబడతాను. ఇంకెవరికీ ఆగను. అది నా వ్రతం.”

పొగడ్తకు రాజు వెన్నలా కరిగాడు. కానీ పిల్లాడి మోకాలు చూస్తే మనసొప్పలేదు. ఇటు తేల్చలేక, అటు తేల్చలేక, ఎప్పటిలాగే తిప్పన్న వైపు తిరిగాడు. కొలువులో చమత్కారాల మనిషి ఆయనే.

“తిప్పన్నా, పిల్లలు ఆ దారినే క్షేమంగా బడికి చేరాలి. భటులను పెట్టకూడదు. బాటకు అడ్డం కట్టకూడదు. రథాలు ఆపమని నేను ఆజ్ఞ ఇవ్వను. చేశావా, ఈ ఉంగరం నీది. చెయ్యలేదా, ఏడాదిపాటు భీమకేతు గుర్రాల లద్దె ఎత్తాలి.”

“గంప నేనే ఇస్తాను,” అన్నాడు భీమకేతు.

సభంతా నవ్వింది. తిప్పన్న మాత్రం గుమ్మం వైపు చూస్తున్నాడు. అక్కడ పోలమ్మ కొడుకును ఎగేసి ఎత్తుకుని, “పదరా మారాజా, బువ్వ తిందువుగాని,” అంటూ కళ్ళు తుడుచుకుంటోంది. తిప్పన్న ఉత్తరీయం సర్దుకుని ఆమె వెనకాలే పరుగెత్తాడు.

ఆ సాయంత్రం పోలమ్మ వాకిట్లో వాడలోని తల్లులంతా చేరారు. తిప్పన్న పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు, అందరూ కలిసి వరసలో నడవాలి, ముందొక తల్లి, వెనకొక తల్లి ఉండాలి అన్నాడు. బాట దాటేటప్పుడు మాత్రం ముందున్నామె తన బిడ్డ ముద్దుపేరు గొంతెత్తి చెప్పాలన్నాడు.

“అరవడం మాకు నేర్పాలా బాబూ,” అంది పోలమ్మ.

మర్నాడు పొద్దున్నే భీమకేతు రథం దుమ్ము రేపుకుంటూ వచ్చింది. వెనక ఇంకో నాలుగైదు రథాలు. బడి మలుపు దగ్గరికి వచ్చేసరికి చెవులు చిల్లులు పడేలా కేక వినబడింది.

“మారాజొస్తున్నాడు, దారివ్వండి!”

భీమకేతు పగ్గాలు బిగబట్టి కిందికి దూకాడు. ఆ దూకడంలో ఒక చెప్పు ఎగిరి మురుగుకాలువలో పడింది. చేతులు కట్టుకుని తల వంచాడు. వెనక రథాలన్నీ ఆగిపోయాయి.

వంచిన తలకు కాళ్ళే కనబడ్డాయి. దుమ్ముకొట్టుకున్న బుల్లి బుల్లి కాళ్ళు. పట్టీలున్న కాళ్ళు. పసుపు గుడ్డ కట్టి కుంటుతున్న ఒక కాలు. మహారాజు కాళ్ళు ఇంత చిన్నవేమిటని తలెత్తి చూసేసరికి పిల్లలంతా బడి గుమ్మం ఎక్కేశారు. బజారు బజారంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది.

భీమకేతు ఒంటి చెప్పుతోనే సభకు వచ్చాడు. పోలమ్మనూ, బడిలోంచి ఆమె కొడుకునూ పిలిపించాడు.

“ఇది రాజద్రోహం ప్రభూ. మజ్జిగమ్ముకునే మనిషి తన కొడుకును మహారాజంటుందా?”

రాజు ముఖం బిగిసింది. పిల్లాడు తల్లి కుచ్చెళ్ళ వెనక దాక్కున్నాడు. పోలమ్మ వాణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది. అప్పుడు తిప్పన్న ముందుకొచ్చాడు.

“మహారాజు అనలేదు ప్రభూ, మా రాజు అంది. ఆ తేడా రథాధిపతి చెవికి తెలియలేదు. కన్నతల్లికి అసలు తేడాయే లేదు.”

రాజు మీసాల చాటున నవ్వు మొలిచింది.

“సరే, ఇప్పుడు తెలిసిందిగా,” అన్నాడు భీమకేతు పళ్ళు నూరుతూ. “రేపు ఆ కేక విన్నా ఆగను.”

“ఆగకండి. ఆ కేక వెనక నిజంగా మహారాజే వస్తుంటే, లద్దె ఎత్తడానికి మీకు గంప నేనే తెచ్చిస్తాను,” అన్నాడు తిప్పన్న.

రాజు పకపకా నవ్వి సింహాసనం దిగాడు. “వస్తాను. ఈ పిల్లలతో కలిసి బడిదాకా నడుస్తాను. ఏ రోజన్నది మాత్రం ముందు చెప్పను.” ఉంగరం తీసి తిప్పన్న వేలికి తొడిగాడు. పిల్లాడికి కొత్త పలక తెప్పించాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, “అవునుగానీ భీమకేతూ, చిన్నప్పుడు మీ అమ్మ నిన్నేమని పిలిచేది?” అని అడిగాడు.

భీమకేతు తన బోసికాలి వైపు చూసుకున్నాడు.

“మా రాజా అనే, మహాప్రభూ.”

ఈసారి సభ గట్టిగా నవ్వలేదు. పోలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. “పదరా మారాజా, బడి ఇంకా వదల్లేదు.”

ఆ మాట చెవిన పడగానే భీమకేతు తటాలున పక్కకు తప్పుకుని, తల వంచి దారిచ్చాడు. అప్పుడు ఘొల్లుమంది సభ.