మంచె మీద యంత్రం, పైకెత్తిన చేతులు

తెలివంటే మాదేనని మీసాలు దువ్వుకునే ముగ్గురన్నదమ్ములు ఉండేవాళ్ళు: కోటిలింగం, పోలయ్య, సుబ్బారాయుడు. వానొస్తే తడుస్తామని తెలుసు, ఎండొస్తే ఆరతామని తెలుసు. ఇంతకన్నా తెలివి ఎవరికుందయ్యా?

ఆ ఏడు పదిహేను బస్తాల మిరపకాయలు కళ్ళంలో మంచె మీద పేర్చారు. ఏడాది తిండి అదే. "నా కుడిచెయ్యి పైకి లేవదు, కాపలా మీరు కాయండ్రా" అంది తల్లి గురవమ్మ.

"నిద్రొస్తుందమ్మా" అని, సంతకెళ్ళి తుపాకి యంత్రం తెచ్చారు. యుద్ధంలో వాడిందట. తనే చూస్తుంది, తనే తేల్చుకుంటుంది, తనే కాలుస్తుంది.

"రెండు చేతులూ ఎత్తినవాడు మనవాడు, ఎత్తనివాడు శత్రువు" అన్నాడు అమ్మినవాడు.

అంతే. యంత్రాన్ని మంచె ఎక్కించి, ముగ్గురూ చేతులెత్తేశారు, మళ్ళీ దించలేదు. ఇంకేముంది, అన్నం కూడా కంచంలో మూతిపెట్టే తిన్నారు. ముక్కుల్లోకి పులుసు పోయింది.

"ఎంత భద్రంగా ఉందిరా!" అన్నాడు పోలయ్య తుమ్ముతూ.

మర్నాడు యంత్రం దిష్టిబొమ్మను కాల్చింది.

"పదేళ్ళు మనలోనే ఉన్నాడు శత్రువు! వాడికి నా చొక్కా కూడా తొడిగానే!" అని కోటిలింగం ఏడ్చాడు.

తర్వాత గేదె కొమ్ము ఎగిరింది.

"అందుకే పాలు తగ్గించింది" అన్నాడు సుబ్బారాయుడు.

ఆ తర్వాత గురవమ్మ ఒంటిచేత్తో పట్టుకుని నెత్తిమీద తెస్తున్న బిందెకి తూటు పడింది. ఆమె గడ్డివాము వెనక్కి దూకింది.

"నా చెయ్యి లేవదని మీకు తెలీదట్రా?"

"మాకన్నా యంత్రానికి ఎక్కువ తెలుసమ్మా. నిజం చెప్పు, ఎప్పట్నుంచి శత్రువువి?" అన్నాడు కోటిలింగం.

"మిమ్మల్ని కన్నప్పట్నుంచి!"

"చూశారా, ఒప్పుకుంది!"

కన్నతల్లి మాటకన్నా ఇనుము మాట ఎక్కువైంది వెధవలకి!

మూడోనాడు పొద్దున్నే నలుగురు దొంగలొచ్చారు, ఈ అన్నదమ్ముల్ని చూసి నేర్చుకుని, చేతులెత్తుకునే. మంచె మీది బస్తాలు నెత్తికెత్తుకుని, రెండు చేతులా పట్టుకుని, వరసగా బండికి చేరేశారు. యంత్రం కిక్కురుమనలేదు.

"దొంగలురోయ్!" అని వాము వెనకనుంచి గురవమ్మ అరిచింది.

"శత్రువు మాట వినకండి" అన్నాడు కోటిలింగం. "దొంగలైతే యంత్రం ఊరుకుంటుందా?"

ఆఖరికి యంత్రాన్నే నెత్తికెత్తుకున్నారు.

"ఏడాది తిండి పోతోంది! పరిగెత్తండ్రా!" అని గురవమ్మ మళ్ళీ అరిచింది.

అంతే, ముగ్గురూ పరిగెత్తి అందుకున్నారు. దొంగల్ని పట్టుకోవాలంటే చేతులు దించాలి, దించితే యంత్రం కాల్చేస్తుంది. ఎలాగూ పైనే ఉన్నాయి కదా అని యంత్రానికి తలో చెయ్యి వేసి, బండెక్కించి, పొలిమేర దాటించి వచ్చారు.

"ఏడవకమ్మా" అన్నాడు కోటిలింగం. "దారంతా ఒక్క గుండూ పేలలేదు. దొంగతనం జరగనే లేదు!"

అని, ముగ్గురూ చేతులెత్తుకుని ఖాళీ మంచెకి కాపలా కూర్చున్నారు.