మూడు హద్దుల మధ్య ముళ్ళపంది

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో మూడు కేకలు ఉండేవి.

నవ్వకండి పిల్లలూ, చెబుతున్నాగా! ముందు ఆ కొండ మీది నరసింహస్వామికి ఒక్క దణ్ణం పెట్టుకోండి. అడవి ఆయనది, కథ ఆయనది, నాది నోరు మాత్రమే. పెట్టారా? ఆఁ, ఇప్పుడు వినండి.

గట్టు మీద ఒక మద్ది చెట్టు. దాని చిటారు కొమ్మన కోటయ్య అనే కొండముచ్చు కూర్చునేవాడు. వాగు ఒడ్డున గులకరాళ్ల మీద తిరుపతమ్మ అనే తీతువు పిట్ట నిలబడేది. గడ్డి బయల్లో ఒక బండ మీద నాగభూషణం అనే నెమలి తిరిగేవాడు. పులి వచ్చినా, అగ్గి రేగినా, వాగు పొంగినా ముందుగా చూసి కేక వెయ్యడం ఈ ముగ్గురి పని. కేక వినగానే ఆ వైపు జంతువులు పిల్లల్ని వెంటబెట్టుకుని పరుగు తీసేవి.

కోటయ్యది గట్టు. తిరుపతమ్మది వాగు. నాగభూషణానిది బయలు. ఒకరి హద్దులో ఇంకొకరు కేక వెయ్యకూడదు. అది తాతల నాటి కట్టుబాటు.

అంతా బాగానే ఉంది. కానీ సూదమ్మ అనే ముళ్ళపంది బొరియ సరిగ్గా ఆ మూడు హద్దులూ కలిసే చోట ఉంది. వాకిలి గట్టు వైపు. వంటిల్లు వాగు వైపు. పిల్లలు పడుకునే మూల బయలు వైపు! మరి సూదమ్మ ఎవరి హద్దులో ఉన్నట్టు? మీకు తెలుసా? ఆమెకీ తెలియదు.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, బొరియ పక్కన మోదుగ పొద అంటుకుంది.  సూదమ్మ పరుగున మద్ది చెట్టు కిందికి వచ్చింది.

"కోటయ్య బావా! అగ్గి! మోదుగ పొద అంటుకుంది, కేక వెయ్యి!" అంది.

"మోదుగ పొదా? అది నా హద్దు కాదే సూదమ్మా. వాగు వైపు వస్తుంది. తిరుపతమ్మనడుగు," అన్నాడు కోటయ్య.

రొప్పుకుంటూ వాగు దగ్గరికి పరుగెత్తింది.

"వదినా, మోదుగ పొద కాలిపోతోంది!"

"అయ్యో! పొదకి ఇటు పక్కా, అటు పక్కా?" అంది తిరుపతమ్మ.

"అటు పక్క."

"అటైతే నాగభూషణానిది అమ్మా. నేను నోరెత్తితే అతను ఊరుకుంటాడా?"

కాళ్లీడ్చుకుంటూ బండ దగ్గరికి వెళ్లింది. నాగభూషణం మెడ ఒక పక్కకి వాల్చి శ్రద్ధగా విన్నాడు. విని, "అటు పక్క అంటే... ఎటు నిలబడి చూస్తే అటు?" అని అడిగాడు.

సూదమ్మకి తల తిరిగిపోయింది. అటు ఏదో, ఇటు ఏదో ఆమెకే గుర్తు లేదు. ఇక అడగడం మాని వెనక్కి పరుగెత్తింది. పొగలో చొరబడి బొరియలోంచి ఇద్దరు పిల్లల్నీ నోట కరుచుకుని బయటికి లాగింది. స్వామి దయ వల్ల ప్రాణాలు దక్కాయి. కానీ పెద్దవాడి వీపు మీద ముళ్లన్నీ కాలిపోయాయి. వాడి పేరు ములుకు. ఆ వీపు మీద మళ్లీ ఒక్క ముల్లూ మొలవలేదు.

ఈ సంగతి అడవంతా పాకింది. ఏనుగు పెద్దవ్వ సభ పెట్టింది. ఆ అడవికి ఆమె మాటే మాట.

"ముగ్గురు ఉండబట్టే ఈ గందరగోళం. మూడు కేకలూ కలిపి ఒకే చోట పెడదాం," అంది పెద్దవ్వ.

"పెడదాం!" అన్నారు అందరూ.

"ఎక్కడ?"

"గట్టు మీద. ఎత్తు కదా!" అన్నాడు కోటయ్య.

"వాగు ఒడ్డున. నీళ్ల మీద కేక దూరం పోతుంది!" అంది తిరుపతమ్మ.

"బయల్లో. నలుగురికీ కనబడుతుంది. పైగా చూడముచ్చటగా ఉంటుంది," అన్నాడు నాగభూషణం, తోక సవరించుకుంటూ.

"నీ తోక చూసి అగ్గి ఆరిపోతుందా ఏమిటి బావా!" అంది తిరుపతమ్మ. సభంతా గొల్లున నవ్వింది. తర్వాత సభంతా పోట్లాడుకుంది.

సూదమ్మ మెల్లిగా లేచింది. "పెద్దవ్వా, నాదొక మాట..."

"ఉండవే తల్లీ," అంది పెద్దవ్వ. "మనవి అడవి బుర్రలు. మనకేం తెలుస్తుంది? నాలుగు అడవులు తిరిగినవాణ్ణి పిలుద్దాం. ఆయన అన్నీ చూసి, ఏం చెయ్యాలో చెబుతాడు. అప్పుడు నీ మాట కూడా ఆయనకే చెబుదువు గాని."



వారం తిరిగేసరికి విశ్వంభరంగారు వచ్చారు. ఆయనొక పెద్ద కొంగ. పొడుగు కాళ్లు, పొడుగు ముక్కు, అర్ధనిమీలితమైన కళ్లు. ఏడు అడవులకి సలహాలు చెప్పినవారట. పూటకి నాలుగు చేపలు ఇచ్చేటట్టు మాట్లాడుకున్నారు. పిల్లలూ, ఆయన మోసగాడేమో అని చూస్తున్నారు కదూ? కాదు. మంచివారే. మహా ఓపికమంతులు. అదే చిక్కు!

ఆయన వాగులోని ఇసుక తిన్నె మీద ముక్కుతో మూడు పొడుగాటి గీతలు గీశారు. ఒకటి గట్టుకి, ఒకటి వాగుకి, ఒకటి బయలుకి. ఆ గీతల కింద రోజూ ఏదో రాసేవారు. మద్ది చెట్టు ఎత్తు ఎన్ని అడుగులో రాశారు. తిరుపతమ్మ ఒక్క గుక్కలో ఎన్నిసార్లు 'టిట్టిటీ' అంటుందో రాశారు. నాగభూషణం బండ చుట్టుకొలత రాశారు. జంతువులన్నీ దూరం నుంచి చూసి, "అబ్బో, ఎంత రాస్తున్నారో!" అనుకునేవి. ఏం రాస్తున్నారో ఎవరికీ తెలియదు. అడిగితే తమ తెలివితక్కువ బయట పడుతుందేమో అని అడగరు.

సూదమ్మ వంతు వచ్చింది. ఆమె ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మా, కేక మీకు బాగా వినబడుతోందా, ఒక మాదిరిగా వినబడుతోందా?" అని అడిగారు విశ్వంభరంగారు.

"నాకసలు ఎవరూ కేకే వెయ్యలేదయ్యా!"

"అంటే... ఒక మాదిరి అని రాసుకోనా?"

సూదమ్మ అయోమయంగా చూసింది.

"పోనీలెండి. మీరు ఏ హద్దులో ఉంటారు?"

"అది తెలియకే కదయ్యా ఈ గొడవంతా! వాకిలి గట్టు, వంటిల్లు వాగు, పిల్లలు..."

విశ్వంభరంగారు ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు ఆలోచించారు. మూడు గీతల వైపూ చూశారు. "మీకు గీత లేదమ్మా," అన్నారు బాధగా.

"గీత లేకపోతే పోయింది. నా మాట ఒకటి రాసుకోండయ్యా. ముగ్గుర్నీ ఒకచోట పెట్టొద్దు. ఎవరు ముందు చూస్తే వాళ్లు కేక వెయ్యాలి. మిగతా ఇద్దరూ అందుకోవాలి. అంతే చాలదా?"

"అది సలహా కదమ్మా! ఇప్పుడు ప్రశ్నల వంతు. సలహాల వంతు తర్వాత వస్తుంది," అన్నారాయన ఎంతో మర్యాదగా.

సూదమ్మ ఇంటికి పోతూ దారి పొడుగునా అనుకుంది: 'దెబ్బ తగిలింది నాకు. సభ పెట్టింది నా కోసం. ఇసుక మీద చోటు లేనిదీ నాకే. తప్పు నా బొరియదేనేమో!'

తొలకరి వచ్చింది. విశ్వంభరంగారి పని పూర్తయింది. "రేపు పొద్దెక్కాక ఇసుక తిన్నె మీద అంతా చదివి వినిపిస్తారు. ఒక్కరూ మానకూడదు. కేకలు వేసే ముగ్గురూ ముందు వరసలో కూర్చోవాలి," అని పెద్దవ్వ కబురు పంపింది.

పొద్దున్నే సూదమ్మ బయలుదేరింది. పిల్లలకి ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. "నాయనా ములుకూ, చెల్లి జాగ్రత్త. ఏ వైపు నుంచి కేక వినబడినా, ఎవరిదైనా సరే, వెనక ఉన్న గుండు రాయి ఎక్కండి. ఎవరిదా అని ఆలోచించొద్దు."

దారిలో మద్ది చెట్టు తగిలింది. చిటారు కొమ్మ ఖాళీ. గులకరాళ్లు ఖాళీ. బండ ఖాళీ. సూదమ్మ అడుగు ఆగింది. 'ముగ్గురూ అక్కడుంటే ఇక్కడెవరు చూస్తారు?' అనుకుంది. మళ్లీ తనే, 'పెద్దవాళ్లు ఆలోచించే ఉంటారులే. నాకేం తెలుసు,' అని సరిపెట్టుకుని నడిచింది. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది.

ఇసుక తిన్నె నిండా జనమే. విశ్వంభరంగారు గొంతు సవరించుకుని మొదటి గీత దగ్గర మొదలుపెట్టారు. మద్ది చెట్టు ఎత్తు అయింది. దాని కొమ్మల లెక్క మొదలైంది. కొందరు తల ఊపుతున్నారు. కొందరు తల ఊపుతూ కునుకు తీస్తున్నారు.

సూదమ్మ అందరికన్నా వెనక, నీళ్ల పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి ఆమె కాళ్లకి చల్లగా తగిలింది. కిందికి చూసింది. తడి. ఇందాక అక్కడ తడి లేదు. వాగు కేసి చూసింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నురగ తేలుతోంది. నురగలో పచ్చి మద్ది ఆకులు! తలెత్తి చూస్తే దూరాన గట్టు మీద ఆకాశం కాటుకలా ఉంది.

"అయ్యా! నీళ్లొస్తున్నాయి!" అంది.

"ప్రశ్నలు చివర్లోనమ్మా," అన్నారు విశ్వంభరంగారు తలెత్తకుండానే.

"ప్రశ్న కాదయ్యా, వాగు! కోటయ్య బావా, కేక వెయ్యి!"

కోటయ్య చూశాడు. అతనికీ కనబడింది. నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. "వాన గట్టు మీద. నీళ్లు వాగులో. ఇది నాదా, తిరుపతమ్మదా?"

"వాగు నాదే," అంది తిరుపతమ్మ తికమకగా. "కానీ నేను నా రాళ్ల మీద నిలబడి కదా అరవాలి? సభలో అరవచ్చా?"

"మూడూ కలిపేశారా, ఇంకా కలపలేదా? కలిపేస్తే ఇప్పుడు అరవాల్సింది ఎవరు?" అన్నాడు నాగభూషణం.

ముగ్గురూ విశ్వంభరంగారి వైపు చూశారు. ఆయన గబగబా గీతలు వెతికారు. "ఆ సంగతి మూడో గీత కింద ఎక్కడో..." అన్నారు. మూడో గీత మీదికి అప్పటికే నీళ్లొచ్చాయి.

సూదమ్మకి కళ్ల ముందు బొరియ కనబడింది. వంటిల్లు వాగు వైపు. నీళ్లు ముందు అటే వస్తాయి.

ఆమె ఒళ్లు విదిలించింది. వీపు మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. తోక ఝాడిస్తే గలగలా, గలగలా మోగింది. అంత చిన్న జంతువు సభ నడుమకి దూకి, పెద్దవ్వ కాళ్ల మధ్య నిలబడి అరిచింది.

"హద్దులు తర్వాత చూసుకుందాం! ముందు అరవండి! నా పిల్లలు ఒంటరిగా ఉన్నారు! స్వామి మీకు గొంతిచ్చింది దేనికి? లెక్క పెట్టించుకోడానికా?"

తిరుపతమ్మ ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత గాల్లోకి లేచింది. "టిట్టిటీ! టిట్టిటీ!" దాని వెంటనే కోటయ్య అందుకున్నాడు. "ఖక్! ఖక్! ఖక్!" ఆ వెంటనే నాగభూషణం గొంతెత్తాడు. మూడు కేకలూ కలిసి అడవి మీద పిడుగుల్లా పడ్డాయి. అలా కలవడం ఆ అడవి పుట్టాక అదే మొదలు.

జంతువులన్నీ మిట్ట మీదికి పరుగెత్తాయి. పెద్దవ్వ తొండంతో కుందేళ్లని ఎత్తి ఎత్తి మిట్టన వేసింది. సూదమ్మ మాత్రం ఎదురు పరుగెత్తింది. అందరూ పైకి, ఆమె బొరియ వైపుకి.

వెళ్లేసరికి బొరియ లేదు. అక్కడ ఎర్ర నీళ్లు సుడి తిరుగుతున్నాయి.  "ములుకూ!" అని అరిచింది సూదమ్మ.

"అమ్మా! ఇక్కడ!"

తలెత్తింది. గుండు మీద, ముళ్లు లేని ఆ బోడి వీపు కనబడింది. ఆ వీపు చాటున చెల్లి.

"మూడు కేకలూ ఒక్కసారే వినబడ్డాయమ్మా," అన్నాడు ములుకు. "ఎవరివో తెలియలేదు. నువ్వు ఆలోచించొద్దన్నావుగా. ఎక్కేశాం."

సూదమ్మ వాడి బోడి వీపుకి ముక్కు ఆనించి అలాగే ఉండిపోయింది. ఆ ఒక్కచోటే ముద్దు పెట్టుకుంటే ముళ్లు గుచ్చుకోవు మరి.

సాయంత్రానికి వాగు తగ్గింది. అందరూ మిట్ట మీద చేరారు. ఇసుక తిన్నె నున్నగా, అద్దంలా ఉంది. ఒక్క గీత లేదు.

"ఇప్పుడెలాగ విశ్వంభరంగారూ? మీకు గుర్తున్నది చెప్పండి," అంది పెద్దవ్వ.

కొంగ తల వంచుకుని నిలబడ్డారు. ఈసారి రెండు కాళ్ల మీదా.

"అవ్వా, నేను రాసిందంతా వాగు తీసుకుపోయింది. ఒక్క మాటే మిగిలింది. అది నేను రాయనిది. తన వంతు వచ్చిన రోజే ఈ తల్లి చెప్పింది. గీత లేదని వదిలేశాను."

పెద్దవ్వ తొండం చాచి సూదమ్మ తల నిమరబోయి, ముళ్లు చూసి ఆగింది. "నీ మాట నేనే ముందు తోసేశానే. ఇప్పుడు చెప్పవే తల్లీ," అంది.

సూదమ్మ చెప్పింది. అంతా విన్నారు. ముగ్గురూ ఎవరి చోట వారు ఉండాలని, ఎవరు ముందు చూస్తే వారు అరవాలని, మిగతా ఇద్దరూ అడక్కుండా అందుకోవాలని కట్టుబాటు చేశారు. ముగ్గురూ ఒక్కసారే చోటు వదలకూడదని కూడా చేశారు.

కోటయ్య దగ్గరికి వచ్చి, "ఎండాకాలం నాడు నేను అరవాల్సింది సూదమ్మా," అన్నాడు.

"అరవాల్సిందే బావా," అంది సూదమ్మ. "సరే, ఇక ఆ చెట్టెక్కు. ఇక్కడ నిలబడితే అక్కడెవరు చూస్తారు?"

విశ్వంభరంగారు మర్నాడు తొమ్మిదో అడవికి వెళ్లారు. అక్కడ దిగగానే ఆయన గీతలు గియ్యలేదట. "ఈ అడవిలో దెబ్బ తిన్నది ఎవరు? ముందు వాళ్లని పిలవండి," అన్నారట.

నీతి: ఆపదకి హద్దులుండవు, కేక ముందు, లెక్క తర్వాత, దారి తెలియనప్పుడు మొదట అడగవలసింది దెబ్బ తిన్నవారిని.